గ్రాఫైట్ మంచిదే, అందులో కలిపే నీళ్ళ సంగతేంటి?

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కుషాయిగూడ వైపు లోహాన్ని కాచి నొక్కే ఫోర్జింగ్, కరిగించి పోసే కాస్టింగ్ షెడ్లలో డై, అంటే ఆకారమిచ్చే ఉక్కు అచ్చు, త్వరగా అరిగిపోతోందనో, పీసు డైకి అంటుకుని రావడం లేదనో మాట వచ్చినప్పుడల్లా ముందు నింద పడేది జారుడు కోసం నీళ్ళలో కలిపి డైకి కొట్టే గ్రాఫైట్ మీదే. సప్లయర్‌ని మారుస్తారు, ఇంకాస్త ఖరీదైన గ్రేడు తెప్పిస్తారు, లేదంటే ఉన్నదాన్నే చిక్కగా కలుపుతారు, నాలుగు రోజులు బాగున్నట్టే ఉండి మళ్ళీ మొదటికొస్తుంది. నిజానికి డబ్బాలో వచ్చిన ముద్దను ఒకటికి పది పాళ్ళ నీళ్ళు పోసి కలిపితే, డ్రమ్ములో ఉన్న పదకొండు వంతుల్లో పది వంతులు ఆ షెడ్డు నీళ్ళే. ఒక వంతు గురించి ఇంత చర్చ జరుగుతుంది కానీ మిగతా పది వంతులు ఏ బోరువో, అందులో ఏముందో అడిగేవాళ్ళు తక్కువ. హైదరాబాద్ లాంటి ఊళ్ళో ముందు అడగాల్సింది అదే.

అసలు ఈ నల్లటి నీళ్ళ పని ఏంటో ముందు చూద్దాం. ఉక్కు ఫోర్జింగ్‌లో బిల్లెట్, అంటే నొక్కబోయే ఉక్కు దిమ్మ, 1100 నుంచి 1250 డిగ్రీల దాకా కాగి ఉంటుంది, డైని మాత్రం 150 నుంచి 300 డిగ్రీల మధ్య ఉంచాలని చూస్తారు. ప్రెస్ దిగిన ఆ కాసేపట్లో ఎర్రటి ఉక్కు డై మూలల్లోకి పాకాలి, డైకి అతుక్కోకూడదు, డై పైపొర వేడికి మెత్తబడకూడదు. హెచ్13 లాంటి డై స్టీలును సరైన గట్టిదనం కోసం టెంపర్ చేసేది, అంటే మళ్ళీ కాచి పదును సరిచేసేది, 550, 600 డిగ్రీల ప్రాంతంలో. ఆ వేడిని దాటి డై పైపొర పదే పదే కాగితే గట్టిదనం పోతుంది, తర్వాత అరుగుదల పరుగెడుతుంది. మామూలు నూనెలు ఈ వేడికి నిలవవు, కాలి పొగైపోతాయి. గ్రాఫైట్ నిలుస్తుంది. దాంట్లో కార్బన్ అణువులు పొరలు పొరలుగా ఉంటాయి, ఒక పొరలో పక్కపక్క అణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లయితే పొరకీ పొరకీ మధ్య 0.335 నానోమీటర్లు. పొర లోపల పట్టు చాలా బలంగా, పొరల మధ్య పట్టు బలహీనంగా ఉండటం వల్ల నొక్కితే నలగకుండా, పక్కకి తోస్తే జారుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. గ్రాఫైట్ జారుడుకి ఆ పొరల అమరిక ఒక్కటే చాలదు, దాని మీద కాస్త తేమ కూడా పట్టి ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు బాగా ఎత్తుకు వెళ్ళినప్పుడు జనరేటర్లలో తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందుకునే కార్బన్ బ్రష్‌లు చూస్తుండగానే పొడైపోయేవి, ఎందుకంటే అంత ఎత్తులో గాలి పలుచన, తేమ దాదాపు ఉండదు. దీని మీద అమెరికాలో ఆర్. హెచ్. సావేజ్ చేసిన ప్రయోగాలు 1948లో అచ్చయ్యాయి, పొరల అంచులకు నీటి ఆవిరి పట్టి ఉంటేనే గ్రాఫైట్ సాఫీగా జారుతుందని తేలింది. గ్రాఫైట్‌కి, నీళ్ళకి ఉన్న సంబంధం కేవలం కలుపుకోవడానికి ఏదో ఒక ద్రవం కావాలి కదా అన్నంత తేలిక కాదు.

అయితే గ్రాఫైట్ పొడిని నీళ్ళలో వేస్తే తనంతట తాను కలవదు. కొంత పైన తేలుతుంది, కొంత అడుక్కి దిగుతుంది. అది నీళ్ళలో కలిసి నిలిచేలా చేసింది ఎడ్వర్డ్ గుడ్‌రిచ్ ఆచెసన్. కరెంటు కొలిమిలో కృత్రిమంగా గ్రాఫైట్ చేసే పద్ధతికి 1896లో పేటెంటు తీసుకున్నది ఆయనే. ఆ తర్వాత బంకమట్టి మీద పని చేస్తూ, టానిన్ కలిపిన నీళ్ళలో మట్టి రేణువులు విడివిడిగా నిలబడటం గమనించి, అదే పని గ్రాఫైట్ మీద చేశాడు. నీళ్ళలో నిలిచే ఆ గ్రాఫైటే 'అక్వాడాగ్' పేరుతో వచ్చింది, పాత టీవీల పిక్చర్ ట్యూబుల లోపలి నల్లపూత కూడా అదే రకం. మన దగ్గర తోళ్ళు పదును చేయడానికి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవాళ్ళు కదా, వాటిలో ఉండేది కూడా టానినే. ఇప్పటి డబ్బాల్లో టానిన్‌కి బదులు వేరే రసాయనాలు, సెల్యులోజ్ జిగురు, సోడియం సిలికేట్ లాంటి, పూతను డైకి పట్టి ఉంచే బైండర్లు, కుళ్ళకుండా ఉండే మందు ఉంటున్నాయి కానీ లోపల జరిగే పని అదే. రేణువుల చుట్టూ ఒకే రకం విద్యుదావేశం, సాధారణంగా రుణావేశం, ఉండేలా చేస్తారు, అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంపు కట్టకుండా ఉంటాయి.

బోరు నీళ్ళు దెబ్బకొట్టేది సరిగ్గా ఈ చోటే. కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి, రెండూ రెండేసి ధనావేశాలు ఉన్న అయాన్లు. అవి గ్రాఫైట్ చుట్టూ ఉన్న ఆవేశాన్ని చప్పబరుస్తాయి, తోపుడు తగ్గగానే రేణువులు అతుక్కుని గుంపులవుతాయి. ఉప్పులోని సోడియంలాగా ఒక్క ఆవేశం ఉన్న అయాన్ అయితే ఈ పని చేయడానికి చాలా కావాలి. రెండు ఆవేశాలు ఉన్నదయితే దాంట్లో చాలా చిన్న వంతు చాలు, సిద్ధాంతం లెక్క ప్రకారమైతే 64వ వంతు కూడా సరిపోవచ్చు. షుల్జ్-హార్డీ సూత్రం చెప్పేది ఇదే. ఈ గుంపు కట్టడం వల్ల వచ్చే నష్టం కంటికి కనిపించేంత పెద్దది. రేణువు గుండ్రంగా ఉందనుకుని లెక్క వేస్తే, 1 మైక్రాన్ గ్రాఫైట్ రేణువు నీళ్ళలో గంటకు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు దిగుతుంది. 10 మైక్రాన్ల గుంపైతే గంటకు 20 సెంటీమీటర్లకు పైనే. అంటే పొద్దున కలిపిన డ్రమ్ము మధ్యాహ్నం భోజనాల వేళకి అడుగున బురద, పైన పలచటి బూడిదరంగు నీళ్ళు. పొద్దున పీసులు బాగా వచ్చి మధ్యాహ్నం నుంచి అంటుకోవడం మొదలైతే కారణం ఎక్కువగా డ్రమ్ములోనే దొరుకుతుంది, అయినా తిట్లు తినేది ఆపరేటర్.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ బండ. దాని పగుళ్ళలో నిలిచిన నీళ్ళు లవణాలు పట్టుకుని వస్తాయి, బోరు లోతుకి పోయేకొద్దీ చాలా చోట్ల ఉప్పదనం పెరుగుతుంది, ఇళ్ళల్లో గీజరు రాడ్డుకి తెల్లటి పెచ్చు కట్టేది ఈ కాఠిన్యం వల్లే. తాగేనీటికి ఐఎస్ 10500 అనే 2012 నాటి ప్రమాణం, కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు ఉంటే బాగున్నట్టు, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు పర్వాలేదని చెబుతుంది. ఆ 600 లెక్కే తీసుకుందాం. 200 లీటర్ల డ్రమ్ములో దాదాపు 180 లీటర్లు నీళ్ళు అనుకుంటే 108 గ్రాముల సున్నపురాయికి సమానమైన కాఠిన్యాన్ని మనమే తెచ్చి గ్రాఫైట్‌లో పోస్తున్నాం. తాగడానికి పనికొచ్చే నీళ్ళు కాబట్టి దీనికీ పనికొస్తాయి అనుకోవడం తప్పు, మనిషి కడుపు తట్టుకునేదాన్ని గ్రాఫైట్ తట్టుకోలేదు. మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వచ్చే నల్లా నీళ్ళు మామూలుగా బోరు కంటే మెత్తన. కానీ పారిశ్రామిక వాడల్లో ఆ నీళ్ళు ఎప్పుడూ అందవు, ట్యాంకర్ వస్తే అది ఏ బోరుదో ఎవరూ చెప్పరు. వారం వారం నీళ్ళు మారుతుంటే డై ప్రవర్తన కూడా మారుతుంది.

దీన్ని పరీక్షించడానికి ల్యాబ్ అక్కర్లేదు. రెండు గాజు సీసాలు తీసుకుని, ఒకదాంట్లో ఆర్ఓ నీళ్ళతో, ఇంకోదాంట్లో షెడ్డు నీళ్ళతో, ఒకే పాళ్ళలో గ్రాఫైట్ కలిపి బాగా కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచాలి. పొద్దున పైన తేట ఎంత దిగిందో రెండింట్లో పోల్చి, ఆ తర్వాత పుల్లతో అడుగు కెలికి చూడాలి. అడుగున చేరింది కాస్త కదిపితే మళ్ళీ కలిసిపోతుందా, గట్టిగా గడ్డ కట్టిందా అన్నదాంట్లోనే సగం జవాబుంది. తేడా పెద్దగా లేకపోతే నీళ్ళని వదిలేసి వేరే కారణం వెతుక్కోవచ్చు. ఉంటే మాత్రం ఖరీదైన గ్రేడు కొనే ముందు నీళ్ళ మీద ఖర్చు పెట్టడం నయం.

సాఫ్ట్‌నర్ పెడితే చాలా అని అడుగుతారు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి సోడియాన్ని పెడుతుంది, మొత్తం లవణాలు, అంటే టీడీఎస్, తగ్గవు. సోడియం అంత హాని చేయదు కాబట్టి చాలా చోట్ల పని నడిచిపోతుంది. టీడీఎస్ వేలల్లో ఉన్న బోరుకి మాత్రం అది చాలదు, ఆర్ఓ పెట్టాల్సిందే. ఇంకో దారి ఉంది, దాన్ని ఎందుకో ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. వాన నీళ్ళలో కాఠిన్యం దాదాపు ఉండదు. ఊళ్ళో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, 500 చదరపు మీటర్ల రేకుల షెడ్డు మీద లెక్క వేస్తే 4 లక్షల లీటర్లు. అందులో సగం పోయినా రెండు లక్షలు. రోజుకి 100 లీటర్లు వాడే చిన్న షెడ్డుకి ఏడాదికి కావాల్సింది 30 వేల లీటర్లే. మొదటి వానల్లో రేకు మీది దుమ్మూ మసీ కొట్టుకుపోనిచ్చి, ఆ తర్వాతది వడగట్టి, వెలుతురు తగలని సంపులో పట్టుకుంటే చాలు. ఆర్ఓ కరెంటు బిల్లూ లేదు, బయటికి పారబోయాల్సిన ఉప్పునీళ్ళూ లేవు.

నీళ్ళ తర్వాత చూడాల్సింది డై వేడి, ఎందుకంటే ఎంత బాగా కలిపినా డై మీద పొరగా పట్టకపోతే లాభం లేదు. దోసె పెనం మీద నీళ్ళు చిలకరించినప్పుడు సరైన వేడిలో సుయ్‌మని ఇగిరిపోతాయి, పెనం మరీ కాలిపోతే చుక్కలు ముత్యాల్లా అటూ ఇటూ పరుగెత్తుతాయి కదా, డై మీద కూడా అదే జరుగుతుంది. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకి ఎత్తేస్తుంది, దీని గురించి లైడెన్‌ఫ్రాస్ట్ 1756లోనే రాశాడు. నున్నటి లోహం మీద నిలకడగా ఉన్న నీటిచుక్కకి ఇది 200 డిగ్రీల ప్రాంతంలో మొదలవుతుంది, స్ప్రేలో చుక్క వేగంగా వచ్చి తగులుతుంది కాబట్టీ, బైండర్లు పట్టు ఇస్తాయి కాబట్టీ ఆ హద్దు ఇంకొంత పైకి జరుగుతుంది. హద్దు దాటిన డై మీద ఎంత కొట్టినా గ్రాఫైట్ ఎగిరి నేల మీద, ఆపరేటర్ చొక్కా మీద పడుతుంది. చల్లగా ఉన్న డై మీద సమస్య ఇంకో రకం. నీళ్ళు ఇగరక లోతట్టు చోట్ల మడుగు కడతాయి, అక్కడ లోహం నిండదు, పీసు మూల మొద్దుగా వస్తుంది.

కాస్టింగ్ డైలో అలా మిగిలిన తడి మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. నీళ్ళు ఆవిరైతే పరిమాణం సుమారు 1700 రెట్లు పెరుగుతుంది, 700 డిగ్రీల అల్యూమినియం కింద చిక్కిన చిన్న మడుగు కరిగిన లోహాన్ని ముఖం మీదికి చిమ్మగలదు. పొద్దున మొదటి పీసుకి ముందు డైని గ్యాస్ బర్నర్‌తో వేడి చేసి, పూత పూర్తిగా ఆరిందని చూశాకే పోయాలి. టైమ్ లేదని దీన్ని దాటేయడం ఏ షెడ్డులోనూ ఒప్పుకోకూడదు.

డై వేడి కొలవడంలో కూడా ఒక చిక్కుంది. లేజర్ చుక్క పెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే ఉక్కు మీద అసలు వేడి కంటే బాగా తక్కువ చూపిస్తుంది, గ్రాఫైట్ పట్టిన నల్లటి చోట అయితే నిజానికి దగ్గరగా చూపిస్తుంది. అందుకే ఒకే డై మీద రెండు చోట్ల రెండు అంకెలు వచ్చి గొడవలు పడతారు. ఎప్పుడూ పూత ఉన్న చోటే కొలవడం, అప్పుడప్పుడు తాకించే థర్మామీటర్‌తో సరిచూసుకోవడం మంచిది.

స్ప్రే గురించి పెద్ద శాస్త్రం అక్కర్లేదు కానీ క్రమం ముఖ్యం. ముందు గాలితో డైలో రాలిన స్కేలు, అంటే కాగిన ఉక్కు మీద కట్టే పెచ్చు, ఊదేయాలి, తర్వాత పలచగా, పొగమంచులా కొట్టాలి, ఆ వెంటనే మళ్ళీ గాలితో ఆరబెట్టాలి. స్కేలు మీదే గ్రాఫైట్ కొడితే రెండూ కలిసి ఇసుక కాగితంలా డైని గీస్తాయి. ఎక్కువ కొడితే ఎక్కువ రక్షణ అన్న నమ్మకం అన్ని చోట్లా ఉంది, అది వదిలించుకోవాలి. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2260 కిలోజౌళ్ళు లాగేస్తుంది, అంటే స్ప్రే డైని చల్లబరిచే పని కూడా గట్టిగా చేస్తోంది. ఎర్రటి ఉక్కు తాకి కాగిన పైపొరని ఒక్కసారిగా చల్లారిస్తే, మళ్ళీ కాగబెడితే, వేల సార్లు ఇలా జరిగాక డై మీద సాలెగూడు లాంటి సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి. అవి వచ్చేది గ్రాఫైట్ తక్కువై కాదు, నీళ్ళు ఎక్కువై.

నూనెలో కలిపిన గ్రాఫైట్‌కి అలవాటు పడిన పాత ఫోర్‌మ్యాన్‌లు నీళ్ళ గ్రాఫైట్ అంటే మొహం చిట్లించడానికి కారణం లేకపోలేదు. హ్యామర్ కింద నూనె కాలి గ్యాస్ పుట్టి పీసుని డైలోంచి పైకి నెడుతుంది, రంపపు పొట్టు చల్లేది కూడా ఇందుకే. నీళ్ళ గ్రాఫైట్‌లో నీరు ముందే ఇగిరిపోయి ఉంటుంది కాబట్టి ఆ తోపు రాదు. లోతైన డైలకి పీసుని బయటికి నెట్టే ఎజెక్టర్ లేకపోతే నీళ్ళ గ్రాఫైట్ మీదికి మారిన మొదటి వారంలో పీసులు ఇరుక్కుంటాయి, ఆ ఫిర్యాదు నిజం, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ నూనె పొగ, మంటలు, జిడ్డు గోడలు, రోజంతా ఆ పొగ పీల్చే ఊపిరితిత్తులు ఇవన్నీ రెండో వైపు పెట్టి తూస్తే మారడమే సరైనది. పీసు సులువుగా బయటికొచ్చేలా డై గోడల వాలు కాస్త పెంచడం, ఎజెక్టర్ పెట్టడం డై తయారుచేసే దశలోనే ఆలోచిస్తే పోతుంది. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, డై డిజైన్ నేర్చుకున్న పిల్లలు ఊళ్ళోనే దొరుకుతారు.

ఏ లూబ్రికెంట్ మేలో తేల్చుకోవడానికి మాటల కంటే రింగ్ పరీక్ష నమ్మదగింది. 1964లో మేల్, కాక్‌క్రాఫ్ట్ అనే ఇద్దరు దీన్ని ఒక కొలమానంగా స్థిరపరిచారు. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు 6:3:2 నిష్పత్తిలో ఉన్న రింగుని వేడి చేసి రెండు చదును డైల మధ్య నొక్కుతారు. రాపిడి బాగా తక్కువుంటే లోపలి రంధ్రం పెద్దదవుతుంది, ఎక్కువుంటే అదే రంధ్రం మూసుకుపోతూ వస్తుంది. బోరు నీళ్ళతో కలిపింది ఒకటి, ఆర్ఓతో కలిపింది ఒకటి పెట్టి చేసి, వెర్నియర్‌తో కొలిస్తే వాదన అక్కడితో ఆగిపోతుంది.

ప్రతి పనికీ నీళ్ళ గ్రాఫైటే జవాబు కాదు. అల్యూమినియం ప్రెషర్ డై కాస్టింగ్‌లో ఇది పీసు మీద నల్ల మరక వదులుతుంది కాబట్టి అక్కడ సిలికోన్, మైనం ఎమల్షన్లు వాడతారు, గ్రాఫైట్ ఎక్కువగా కరిగిన లోహాన్ని డైలోకి తోసే ప్లంజర్ దగ్గరికే పరిమితం. టైటానియం, నికెల్ మిశ్రమాల ఫోర్జింగ్‌లో గాజు పూతలు వస్తాయి, అవి వేడికి కరిగి జారుడునిస్తూనే బిల్లెట్ గాలికి పాడవకుండా, త్వరగా చల్లారకుండా కాపాడతాయి. కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధానిలో, రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ అభివృద్ధి చేసిన పద్ధతిలో, డైని కూడా దాదాపు లోహమంత వేడిగా ఉంచే 2000 టన్నుల ఐసోథర్మల్ ప్రెస్ మీద విమాన ఇంజిన్ టైటానియం డిస్కులు చేసిన సంగతి 2021లో డీఆర్‌డీఓ ప్రకటించింది, ఆ తరహా పని లెక్కే వేరు. ఇత్తడి కుళాయిలు పోసేచోట మాత్రం నీళ్ళ గ్రాఫైట్ ఇంకా రాజే, అక్కడ స్ప్రే చేయరు, ప్రతి పోతకీ డైనే గ్రాఫైట్ తొట్టిలో ముంచి తీస్తారు. ముంచే తొట్టిలో బోరు నీళ్ళ ప్రమాదం రెట్టింపు. వేడి డై ముంచినప్పుడల్లా నీరు ఆవిరైపోతుంది, కాల్షియం తొట్టిలోనే మిగిలిపోతుంది, తగ్గిన నీటిని మళ్ళీ బోరు నీళ్ళతోనే నింపుతారు. నెల తిరిగేసరికి తొట్టిలో కాఠిన్యం బోరులో ఉన్నదానికి ఎన్నో రెట్లు అవుతుంది.

ఇంకా తొట్టి పరిశుభ్రత. సెల్యులోజ్ జిగురు బ్యాక్టీరియాకి తిండి, హైదరాబాద్ ఎండాకాలం 40 డిగ్రీల్లో ఆదివారం కదలకుండా ఉన్న డ్రమ్ము సోమవారం పొద్దునకి కుళ్ళిన వాసన కొడుతుంది. డబ్బాలో కుళ్ళకుండా వేసిన మందు నీళ్ళు కలిపాక పలచబడిపోతుంది, పైగా నిల్వ నీళ్ళు క్రిములను వెంట తెస్తాయి. రెండు మూడు రోజులకు సరిపడానే కలుపుకోవడం, మెల్లగా తిరిగే స్టిర్రర్ ఎప్పుడూ నడుస్తూ ఉండటం, పాత అడుగు మీద కొత్తది పోయకుండా డ్రమ్ముని కడగడం, ఈ మూడూ ఖర్చు లేని పనులు. పాళ్ళు కూడా మగ్గుతో కాకుండా తూకంతో చూసుకోవాలి. కొద్దిగా మిశ్రమాన్ని తూచి, ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టి మళ్ళీ తూస్తే అందులో ఘనపదార్థం ఎంత శాతమో తేలిపోతుంది.

ఎగిరిన గ్రాఫైట్ ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. అది కరెంటుని పోనిస్తుంది కాబట్టి బిల్లెట్‌ని కరెంటుతో కాచే ఇండక్షన్ హీటర్ కాయిల్స్ మీద, ప్యానెల్ లోపల పేరుకుంటే షార్ట్ సర్క్యూటే. ఊపిరిలోకి వెళ్ళే సన్నటి గ్రాఫైట్ ధూళికి అమెరికన్ పరిశ్రమ ఆరోగ్య నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు, ఎండిపోయిన నల్లపొడిని చీపురుతో ఊడ్చే షెడ్డులో అది దాటడం ఎంతో సేపు పట్టదు. తడిబట్టతోనో వ్యాక్యూమ్‌తోనో తీయాలి, ఊడ్చేవాళ్ళకి మాస్క్ ఇవ్వాలి. డ్రమ్ము కడిగిన నీళ్ళని కాలువలోకి వదలకుండా ఒక గుంతలో పట్టి, దాంట్లో కొద్దిగా పటిక వేస్తే గ్రాఫైట్ గుంపు కట్టి అడుక్కి దిగుతుంది, పటికలోని అల్యూమినియానికి మూడు ధనావేశాలు ఉండటం వల్ల అది కాల్షియం కంటే ఇంకా గట్టిగా పని చేస్తుంది. పైన తేరిన నీళ్ళని మళ్ళీ గ్రాఫైట్ కలపడానికి మాత్రం వాడకూడదు, అందులో మిగిలిన పటిక కొత్త డ్రమ్ముని కూడా విరగ్గొడుతుంది. నేల కడగడానికో, ట్రీట్‌మెంట్ ప్లాంటుకి పంపడానికో పక్కన పెట్టాలి.